9.9 హెచ్‌పీ టూ-స్ట్రోక్ అవుట్‌బోర్డ్ మోటారు: బాహుదా మొగలో ఇన్నేళ్ల వాడకం తర్వాత

2019లో మా బావమరిదీ నేనూ చెరిసగం డబ్బు వేసుకుని కొన్న 9.9 హెచ్‌పీ టూ-స్ట్రోక్ మోటారు ఇప్పటికీ మా ఫైబరు తెప్పను నడుపుతూనే ఉంది. ఇది ఆగని మోటారు అని చెప్పను. చాలాసార్లు ఆగింది, అందులోనూ ఇంటిల్లిపాదీ తెప్పలో ఉన్న రోజులను ఏరుకున్నట్లుగా ఆగింది. అయినా మళ్లీ కొనవలసి వస్తే ఇదే తరహా మోటారు కొంటానని ముందే చెప్పేస్తాను. ఎందుకంటే అది ఆగినప్పుడల్లా కారణాన్ని తెప్పలో కూర్చునే కనుక్కోగలిగాం, చేతిలో ఉన్న నాలుగు పనిముట్లతోనే ఒడ్డుకు చేరగలిగాం. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతి టూ-స్ట్రోక్ మోటార్ల అమరిక ఇంచుమించు ఒక్కటే కాబట్టి ఇక్కడ రాసినవి వాటిలో చాలావాటికి పనికివస్తాయి.

మా వాడకం ఎలాంటిదో తెలియకుండా ఈ సమీక్ష అర్థం కాదు. గజపతి కొండల్లో పుట్టిన బాహుదా ఇచ్ఛాపురం పక్కనుంచి వచ్చి, మళ్లీ ఒడిశాలోకి తిరిగి, గంజాం జిల్లా సోనాపూర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అలా కలిసే చోటునే మొగ అంటాం. మొగ లోపలి నీరు ఉప్పన, లోతు తక్కువ, అడుగంతా సన్నని ఇసుక, ఆ ఇసుక మేటలు ఏటా చోటు మారుస్తాయి. వేట రోజుల్లో బావమరిది ఈ మోటారుతోనే వలలు వేసుకుని సముద్రం మీదికి వెళతాడు. సెలవు రోజుల్లో నేను బరంపురం నుంచి పిల్లలతో వస్తే, అందరం కలిసి మొగ లోపలే గాలాలు వేసుకుని బొంతల కోసమో జెల్లల కోసమో కూర్చుంటాం, అదృష్టం బాగుంటే ఒక పండుగప్ప. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధంలో మోటారు కొట్టంలో చెక్క స్టాండు మీద ఉంటుంది. అంటే సముద్రపు మోత, మొగలోని ఇసుక, రెండు నెలల ఖాళీ, ఈ మూడింటినీ ఒకే యంత్రం భరిస్తోంది.

మంచి గుణాలు త్వరగా చెప్పి ముగించవచ్చు. ఇద్దరం అవలీలగా ఎత్తి తెప్ప వెనుక పలకకు బిగించగల బరువు, చల్లారి ఉన్నా చోక్ లాగి ఒకటి రెండు గుంజులకే అందుకునే స్వభావం, ఏడెనిమిది మందిని మోసే తెప్పను ఎదురు నీటిలోనూ నెట్టుకుపోయే బలం ఉన్నాయి. పొగ, మోత భరించాలి. పెట్రోలు కూడా బాగానే తాగుతుంది. పూర్తి వేగంలో గంటకు ఐదు లీటర్ల దరిదాపు, సగం వేగంలో అందులో సగంలోపే. పది లీటర్ల పెట్రోలులో 200 మి.లీ. ఆయిలు కలపాలి, అంటే 50:1 పాళ్లు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిలే వాడాలి. పాత స్కూటర్ల కోసం పెట్రోలు బంకుల్లో అమ్మే టూటీ ఆయిలు గాలితో చల్లారే ఇంజన్లకు తయారుచేసినది. నీటితో చల్లారే మోటారులో అది ప్లగ్గుల మీద బూడిద పేరుస్తుంది. సగం ధరకు వస్తుందని దాన్ని పోసినవారు మా పేటలోనే ఉన్నారు, వారి ప్లగ్గులు చూస్తే చాలు.

ఇక అసలు సంగతి, అంటే ఆగడం. మా అనుభవంలో ఆగిన సందర్భాల్లో ఎక్కువ భాగం పెట్రోలు దారిలోవే. కనుమ నాడు జరిగినది వివరంగా చెబుతాను, ఎందుకంటే కారణం వెతికే వరుస అందులో మొత్తం ఉంది. మా అత్త, నా భార్య, పిల్లలు, బావమరిది, నేను తెప్పలో ఉన్నాం. రేవు నుంచి చక్కగా వచ్చిన మోటారు మొగ దగ్గరపడుతుండగా రెండు మూడుసార్లు ఊపిరి ఎగబీల్చినట్లు చేసి ఆగిపోయింది. “ఏటి బావా, ఆగిపోనాది?” అంటూనే బావమరిది లంగరు వేసేశాడు. మోటారు ఆగితే మూత విప్పడం కంటే ముందు చేయవలసిన పని అదే. నీరు సముద్రంలోకి తీసే వేళ మొగలో పది నిమిషాలు ఊరికే తేలితే చాలు, తెప్ప అలలు విరిగే చోటుకు చేరుతుంది. తాడు గుంజితే మోటారు మళ్లీ అందుకుంది, నిమిషం నడిచి మళ్లీ ఆగింది. ప్లగ్గు పాడైతే ఇలా ఆడదు. కాసేపు నడిచి ఆగి, విరామం ఇస్తే మళ్లీ నడిచేది చాలావరకు పెట్రోలు అందని మోటారు.

ట్యాంకుకూ మోటారుకూ మధ్య గొట్టంలో ఉండే రబ్బరు బల్బును చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. బల్బు గట్టిగా ఉంటే పెట్రోలు మోటారు దాకా వచ్చినట్లే, లోపం కార్బొరేటర్ వైపు వెతకాలి. ఎంత నొక్కినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తున్నట్లు. గొట్టం చివర్లలోని కనెక్టర్ రింగులు చూడాలి. బల్బు లోపలికి పీక్కుపోయి చప్పిడిగా అయిందంటే ట్యాంకు వైపు అడ్డం ఉన్నట్లు. ఆ రోజు మాది చప్పిడి బల్బు. ట్యాంకు మూత మీది గాలి మర తెరిచే ఉంది. అయినా అనుమానం తీరాలని మూత పూర్తిగా తీసి చూశాం, బల్బు లేవలేదు. కాబట్టి గాలి తప్పు కాదు. ట్యాంకులోంచి పీల్చే గొట్టాన్ని విప్పి బయటికి తీస్తే, దాని అడుగున ఉండే సన్నని జాలీ నిండా నల్లగా, జిగటగా, నలిపితే వేళ్లకు మసిలా అంటుకునే రబ్బరు పొర. మా అత్త గాజులకు గుచ్చుకుని ఉన్న పిన్నీసు తీసి ఇచ్చింది. జాలీ చిరగకుండా దానితో పొరను గీకి, శుభ్రమైన పెట్రోలులో ముంచి కడిగి, నోటితో ఊది చూసి మళ్లీ బిగించాం. బల్బు నొక్కగానే గట్టిపడింది, మోటారు రెండో గుంజుకు అందుకుంది. ఇదంతా జరుగుతుండగా మా చిన్నవాడు గాలం ఎత్తలేదు, వాడికే ఆ రోజు పెద్ద బొంత పడింది.

ఆ నల్ల పొర గొట్టం లోపలి రబ్బరుదే. దీనికి ఇప్పటి పెట్రోలుతో సంబంధం ఉందని నా అభిప్రాయం. మేము మోటారు కొన్న నాటికి బంకుల్లో ఇథనాల్ పాలు తక్కువ. 2022 నాటికి దేశమంతటా సగటున పది శాతానికి, 2025 నాటికి ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ పాత రకం రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. దానికంటే ముఖ్యంగా గాలిలోని తేమను పట్టుకుంటుంది. సముద్రపు గాలికి నెలల తరబడి ఉన్న ట్యాంకులో నీరు మోతాదు మించితే, ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. పీల్చే గొట్టం నోరు ఉండేది కూడా ఆ అడుగునే. పైగా ఆయిలు పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది కనుక, ఆ అడుగు పొరను పీల్చిన టూ-స్ట్రోక్ ఇంజన్ నూనె చుక్క లేకుండా తిరుగుతుంది. అందుకే నిల్వ పెట్రోలు వాడవలసి వస్తే ట్యాంకు అడుగునుంచి కొంచెం గాజు సీసాలోకి తీసి, వెలుతురుకు పెట్టి చూస్తాం. మధ్యలో గీత గీసినట్లు రెండు పొరలు కనిపిస్తే ఆ ట్యాంకు పెట్రోలు మోటారుకు పోయము.

పెట్రోలు పంపులోని పల్చని పొర, అంటే డయాఫ్రమ్, కూడా ఒకసారి గట్టిపడి చిల్లుపడింది. అప్పుడు మోటారు నెమ్మదిగా నడుస్తుంది గాని వేగం పెంచగానే చచ్చిపోతుంది. ఆ రోజు మా అమ్మాయి ట్యాంకు పక్కన కూర్చుని రేవు దాకా రబ్బరు బల్బును లయగా నొక్కుతూనే ఉంది. పంపు చేయవలసిన పని ఆమె చేయి చేసింది, మేము ఇల్లు చేరాం. ఈ ఉపాయం ఈ మోటార్లు వాడేవారందరికీ తెలిసి ఉండాలి. డయాఫ్రమ్ చవక వస్తువు. ఒకటి కొని పెట్టెలో ఉంచుకోవడం మంచిది.

వేట నిషేధం ముగిసిన మొదటి వారంలోనే మోటార్లు మొరాయించడం మా తీరమంతా మామూలు. కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరై బంకగా మారి, వెంట్రుక మందం రంధ్రాలను మూసేస్తుంది. చోక్ లాగి ఉంచితేనే నడవడం, నెమ్మది వేగంలో ఆగిపోవడం దాని లక్షణాలు. దీనికి మేము చేసేది ఇంతే. ఏప్రిల్ రెండో వారంలో మోటారును మంచినీటి డ్రమ్ములో నిలబెట్టి పది నిమిషాలు నడిపి, నడుస్తుండగానే పెట్రోలు గొట్టం పీకి, దానంతట అది ఆగేదాకా వదిలి, గిన్నె అడుగు మర విప్పి మిగిలిన చుక్కలు కూడా వంచేస్తాం. తరువాత ప్లగ్గులు తీసి రెండు చెంచాల ఆయిలు పోసి తాడు మెల్లగా రెండుసార్లు లాగుతాం. ఇది అలవాటైన తరువాత జూన్ నెలలో మెకానిక్ ముఖం చూడవలసిన అవసరం రాలేదు.

నీటి పంపు సంగతి మొగలో వాడేవారు ప్రత్యేకంగా గమనించాలి. మోటారు నడుస్తున్నంతసేపు వెనుక నుంచి సన్నని నీటి ధార రావాలి, అది లోపల నీరు తిరుగుతోందనడానికి గుర్తు. ధార సన్నబడితే చాలాసార్లు తప్పు పంపుది కాదు, ధార వచ్చే రంధ్రంలో ఇసుక చేరి ఉంటుంది. లావుపాటి తంగూసు ముక్కను అందులోకి పోనిచ్చి రెండుసార్లు ఆడిస్తే సరిపోతుంది. ఇనుప తీగ వాడకూడదు. అప్పటికీ రాకపోతే మోటారు ఆపి, పైకి వంచి, నీరు పీల్చే జాలీకి ప్లాస్టిక్ సంచి ఏదైనా అతుక్కుందేమో చూడాలి. అదీ కాకపోతే పంపు లోపల నీటిని తోసే రబ్బరు చక్రం, అంటే ఇంపెల్లర్, రెక్కలు అరిగినట్లే. కంపెనీ పుస్తకం చెప్పిన గడువు ఇసుక నీటికి వర్తించదు, మేము ఏటా మారుస్తాం. లోతులేని చోట మోటారు వంచకుండా బురదలో దున్నుకుంటూ పోయేవారికి ఏడాది కూడా రాదు.

గాలాలతో వేటాడే కుటుంబాలకు ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని చాలామంది లెక్కచేయరు. తెగిన తంగూసు ప్రొపెల్లర్ వెనుక షాఫ్టుకు చుట్టుకుంటుంది. చుట్టుకున్నట్లు మోటారు చప్పుడులో తెలియదు, వేగం తగ్గదు. కానీ అది వేడెక్కి, కత్తిలా నూనె సీలును కోస్తుంది, అక్కడి నుంచి ఉప్పునీరు గేర్ల పెట్టెలోకి పోతుంది. ఏడాదిలో రెండుసార్లయినా ప్రొపెల్లర్ విప్పి చూడాలి. గేర్ ఆయిలు అడుగు మర వదులు చేసినప్పుడు పాలు కలిపిన టీ రంగులో వస్తే సీలు పోయిందని అర్థం. కొత్త ఆయిలును అడుగు రంధ్రం నుంచే, పై రంధ్రంలో పొంగేదాకా ఎక్కించాలి. పైనుంచి పోస్తే లోపల గాలి నిలిచిపోతుంది. ప్రొపెల్లర్ మధ్యలోని రబ్బరు బుష్ జారడం కూడా ఒకసారి చూశాం. మోటారు అరుస్తుంది, తెప్ప కదలదు. వేగం బాగా తగ్గించి నడిపితే బుష్ కొంత పట్టు ఇస్తుంది, ఆ పట్టుతోనే ఇంటికి రావచ్చు.

స్టార్టర్ తాడు తెగినప్పుడు ఏం చేయాలో తప్పక తెలిసి ఉండాలి. పైమూత తీసి, స్టార్టర్ గిన్నె బోల్టులు విప్పి, దాని కింద తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీలు, అంచున ఉన్న గాడిలో ముడివేసిన తాడును ఇరికించి, చుట్టి లాగితే మోటారు నడుస్తుంది. అయితే ఇలా చేస్తే గేరులో ఉండగా స్టార్టు కాకుండా కాపాడే అడ్డం పనిచేయదు, కాబట్టి న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకోవాలి. పైమూత లేని ఫ్లైవీలు తిరుగుతున్నంతసేపు ఆడవాళ్ల చీర చెంగులు, చున్నీలు, జడలు, మెడలోని తువాళ్లు తెప్ప ముందువైపే ఉండాలి. ఈ విషయంలో మొహమాటానికి తావులేదు. అత్త అయినా సరే, ముందుకు జరగమని గట్టిగానే చెప్పాను.

విడిభాగాలే ఈ మోటారుతో నాకున్న పెద్ద ఫిర్యాదు, అది మోటారు తప్పు కాకపోయినా. బరంపురంలో ఒక దుకాణంలో కొన్న ఇంపెల్లర్ చూడటానికి అసలుదానిలాగే ఉంది, ఒక వేట కాలం గడవకుండానే రెక్కలు పెళుసుబారి విరిగాయి. విరిగిన ముక్కలు నీటి దారుల్లోకి పోతాయి కనుక వాటన్నిటినీ ఏరి, ముక్కకు ముక్క పేర్చి, పూర్తిగా వచ్చాయని సరిచూసుకుంటే గాని పని పూర్తికాదు. అప్పటినుంచి విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గరి దుకాణాల నుంచే తెప్పించుకుంటున్నాం. పాత దానిని వెంట తీసుకువెళ్లి, రెక్కల మెత్తదనం వేలితో వంచి పోల్చి చూసుకున్న తరువాతే డబ్బు ఇస్తాం.

ఫోర్-స్ట్రోక్ మేలు కదా అని అడిగేవారికి నా సమాధానం వాడకాన్ని బట్టి మారుతుంది. పెట్రోలు ఖర్చు తగ్గుతుంది, మోత తగ్గుతుంది, పొగ ఉండదు, రోజూ గంటల తరబడి నడిపేవారికి ఆ తేడా డబ్బులోనే కనిపిస్తుంది. కానీ బరువు ఎక్కువ, ఆయిలు విడిగా మార్చాలి, పక్కకు పడుకోబెట్టి ఆటోలో తీసుకువెళ్లాలంటే ఏ వైపు పడుకోబెట్టాలో చూసుకోవాలి. దాని కార్బొరేటర్ రంధ్రాలు ఇంకా సన్నవి, పాత పెట్రోలును మా మోటారు కంటే తక్కువగా సహిస్తాయి. రంభ దగ్గర చిలికాలో పర్యాటకులను తిప్పేవారికైతే నేను ఫోర్-స్ట్రోకే చెబుతాను. వారంలో ఒకరోజు పిల్లలతో వెళ్లి, రెండు నెలలు మూలన పెట్టి, సొంత చేతులతో విప్పి బిగించుకునే మాలాంటి వారికి టూ-స్ట్రోకే నయం. ఈ ఏప్రిల్‌లో నిషేధం మొదలుకాగానే దీని పెట్రోలు గొట్టమూ బల్బూ తీసేసి, ఇథనాల్‌ను తట్టుకునే కొత్త రకం వేయాలని, గేర్ సీలు కూడా అప్పుడే మార్చాలని బావమరిదీ నేనూ అనుకున్నాం; ఆ ఖర్చు కూడా చెరిసగమే.