హాజరు పాయింట్ల సాఫ్ట్‌వేర్: జీడిపప్పు ఫ్యాక్టరీ టైం ఆఫీసు నుంచి ఒక రివ్యూ

లేటుకీ, గైర్హాజరుకీ తప్పు పాయింట్లు వేసి లెక్క ఉంచే సాఫ్ట్‌వేర్ ఇది. మూడున్నర స్టార్లు. రౌండింగ్‌కి, అంటే వచ్చిన టైంని సర్దేసి రాసుకున్నందుకు, ఒక స్టారు కోసేశాను, తెలుగు వత్తులు విడగొట్టినందుకు ఇంకో అర. సాఫ్ట్‌వేర్ పేరు మాత్రం రాయను. అమ్మినాయన మా ఓనరుకి చుట్టం. మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కన ఉన్న పర్లాకిమిడి, ఇక్కడ పొద్దున ఎవరేం రాశారో సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది.

మాది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. పనివాళ్లలో చాలామంది సరిహద్దు అవతల పాతపట్నం, టెక్కలి వైపు నుంచి వస్తారు, మిగతావాళ్లు ఇటు కాశీనగరం వైపు వాళ్లు. పొట్టు తీసేవాళ్లకి కిలో లెక్కన కూలి కాబట్టి వాళ్లకి ఈ పాయింట్లు పెట్టలేదు. పిక్కలు కొట్టేచోట, బాయిలర్ దగ్గర, గ్రేడింగ్‌లో, ప్యాకింగ్‌లో ఉన్నవాళ్లకే.

లేటుగా వస్తే అర పాయింటు, ముందే వెళ్లిపోతే అర, చెప్పకుండా మానేస్తే రెండు. నాలుగైతే నోటిమాటగా హెచ్చరిక, ఆరైతే కాగితం మీద, ఎనిమిదైతే సంజాయిషీ. ఇంతకుముందు ఇదంతా సూపర్‌వైజర్ గారి మూడ్‌ని బట్టి నడిచేది. ఆయనకి నచ్చినవాళ్లు పావుగంట లేటైనా పలకరింపే, నచ్చనివాళ్లు ఐదు నిమిషాలు లేటైతే పంచాయితీ. ఇప్పుడు రూలు గేటు పక్కన గోడ మీద ఉంది, అందరికీ ఒకటే. సాఫ్ట్‌వేర్ కొన్నందుకు ఆ ఒక్కటీ దక్కింది.

అయితే లోపల సిద్ధంగా వచ్చే రూల్స్ అమెరికావి. అక్కడ చాలా రాష్ట్రాల్లో కారణం చెప్పకుండానే ఉద్యోగంలోంచి తీసేయొచ్చు. అందుకే చివరి మెట్టు దగ్గర తొలగింపు ఉత్తరం దానంతట అదే తయారై కూర్చుంటుంది. మన దగ్గర పాయింట్లు నిండాయని మనిషిని పంపేస్తే చెల్లదు. చార్జిషీటు ఇవ్వాలి, వాళ్లు చెప్పేది వినాలి, విచారణ జరపాలి. కొనగానే ఆ ఆటో లెటర్ ఆపేయండి. దాని పక్కనే పాయింటుకి ఇంత అని జీతంలో కోసే ఆప్షన్ కూడా ఉంటుంది. చట్టం ప్రకారం జరిమానాలన్నీ కలిపినా ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. సాఫ్ట్‌వేర్‌లో అలాంటి హద్దు పెట్టే చోటే లేదు. మా ఓనరు ఆశపడ్డారు గానీ నేను ఆన్ చెయ్యనివ్వలేదు.

ఇక వేలిముద్రల గోల. జీడిపిక్క పెంకులోంచి కారే నూనె చర్మాన్ని తినేస్తుంది. ఆముదం రాసుకున్నా, బూడిద రాసుకున్నా, పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్ల మీద గీతలు సరిగా మిగలవు. మిషను ముందు ఒకామె నాలుగైదుసార్లు వేలు పెడుతుంది, వెనక లైను ఆగిపోతుంది, గడియారం ఎనిమిది దాటేస్తుంది. "నా ఏలు నాది కాదంటంది మేడమ్ ఈ మిషను. పాయింట్లంటే ఏటి, కూలి తెగ్గోస్తారేటి?" అని ఒకావిడ అడిగింది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే వేలు తుడిచి పెట్టమనండి అన్నారు. ఆయన ఒకసారి పిక్కలు కొట్టి వచ్చి చెబితే బాగుండేది. కార్డు మిషను కూడా తగిలించుకోవచ్చని మాన్యువల్లో చదివి, పట్టుబట్టి తెప్పించాను. అది బాగానే పనిచేస్తోంది. పంచ్, అంటే రాకపోకల టైం నమోదు, పడకపోతే నేరుగా ఒక పాయింటు వేసే రూలుని సున్నా చేసి, సూపర్‌వైజర్ నిర్ధారించాకే పడేలా మార్చాను.

రౌండింగ్ సంగతి. పావుగంటకి సర్దే పద్ధతి ఇందులో ముందే ఆన్‌లో ఉంటుంది. 8:07కి పంచ్ చేస్తే 8:00 అని, 8:08కి చేస్తే 8:15 అని రాసుకుంటుంది. పాయింట్లు లెక్కేసేది అసలు టైం మీద కాదు, ఈ సర్దిన టైం మీద. మేము పది నిమిషాల గ్రేస్ ఇచ్చాం. ఎనిమిది నిమిషాలు లేటైన మనిషి మా రూలు ప్రకారం తప్పు చెయ్యలేదు, సాఫ్ట్‌వేర్ ప్రకారం పావుగంట లేటు. దీన్ని ఆపే సెట్టింగ్ హాజరు పేజీలో లేదు, జీతాల రూల్స్ లోపల ఎక్కడో దాచారు.

మూడు రోజులు వరసగా జ్వరమొస్తే దాన్ని ఒక గైర్హాజరుగా లెక్కించాలా, మూడుగానా అన్నది మీరే ఎంచుకోవచ్చు. ఇది నచ్చింది. ఈఎస్ఐ (కార్మికుల బీమా) నుంచి జబ్బు భత్యం తీసుకుంటున్న మనిషిని ఆ రోజుల్లో తీసేయకూడదు, శిక్షించకూడదు. 1948 నాటి ఈఎస్ఐ చట్టంలోనే ఆ మాట రాశారు. కాబట్టి ఈఎస్ఐ, ప్రసూతి సెలవు కోడ్‌లకి సున్నా పాయింట్లు పెట్టడం అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని. సెలవు తర్వాత మంజూరైతే పడిన పాయింటు దానంతట పోదు, మళ్లీ లెక్కించు అనే బటన్ నొక్కాలి. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

పాయింట్లు క్యాలెండర్ సంవత్సరం లెక్కన పెట్టకండి, గడిచిన 12 నెలల లెక్కన పెట్టండి. లేదంటే జనవరి 1న అందరూ కడిగిన ముత్యాలే, ఆ ధైర్యంతో సంక్రాంతికి వారం ముందే మాయం.

పండగల దగ్గర మా ఊరిది వేరే తలనొప్పి. ఒడియావాళ్లకి జూన్‌లో రజో కావాలి, మనవాళ్లకి కనుమ కావాలి. కనుమ నాడు కాకైనా కదలదు, ఇక ప్యాకింగ్ మనుషులెక్కడ కదులుతారు? సెలవుల పట్టిక ఫ్యాక్టరీ మొత్తానికి ఒకటే పెట్టనిస్తుంది. మనిషికొకటి కుదరదు. ఐచ్ఛిక సెలవని సున్నా పాయింట్ల కోడ్ ఒకటి తయారుచేసుకుని నెట్టుకొస్తున్నాం.

ఐదు స్టార్లు ఇవ్వాల్సింది మాఫీ బటన్‌కి. నౌపడా లైను మీద గుణుపూర్ రైలుబండి లేటైతే, ఆ బండి మనుషుల్ని ముందే ఒక గ్రూపుగా పెట్టుకుంటే, తేదీ ఎంచి ఒక్కసారి నొక్కితే అందరి పాయింట్లూ పోతాయి. ఎవరు నొక్కారో, ఏ కారణం రాశారో కూడా నమోదవుతుంది.

హెచ్చరిక ఉత్తరాలు ఇంగ్లిష్‌లో బాగుంటాయి. తెలుగులో టైప్ చేస్తే పీడీఎఫ్‌లో వత్తులు పక్కకి దొర్లిపోతాయి, చదివితే మనకే నవ్వొస్తుంది. హెచ్చరిక చదివి నవ్వితే ఇంకేం హెచ్చరిక? నేను చేత్తో రాసి, సంతకం తీసుకుని, ఫొటో తీసి ఎక్కిస్తున్నాను.

పాతికమంది లోపు ఉంటే రిజిస్టరే చాలు, డబ్బు దండగ. అంతకు మించితే తీసుకోండి గానీ, డెమోలో పగటి షిఫ్టు చూపిస్తే తలూపకండి. రాత్రి పదింటికి వచ్చి పొద్దున ఆరింటికి వెళ్లే బాయిలర్ మనిషిని పెట్టి చూపించమనండి. అర్ధరాత్రి దాటగానే తేదీ మారి, పొద్దున పంచ్‌ని కొత్త రోజు రాకగా రాసుకుంటే, రోజు మొదలయ్యే టైం మార్చే సెట్టింగ్ ఎక్కడుందో అక్కడికక్కడే అడగండి. మాకు అది దొరికేదాకా బాయిలర్ వాళ్లందరికీ రోజూ పాయింట్లే.