మంచు నుంచి సముద్రం దాకా: మా బంటితో టెక్సాస్ ప్రయాణం

మా బంటి లాబ్రడార్. 11 ఏళ్లు నిండాయి. అమెరికా ఉత్తరాన మేముండే మిన్నియాపోలిస్ శివారులో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు వాడి పాదాలను మండిస్తుంది. పైగా తుంటి కీళ్ల నొప్పి. 2022 డిసెంబరులో ఒక ఉదయం గుమ్మం దాటలేక అక్కడే నిలబడి మా మొహాలు చూశాడు. ఆ రోజే మావారు అన్నారు, "ఈసారి వీణ్ణి తీసుకుని దక్షిణానికి వెళ్దాం" అని. పాతదే అయినా గట్టిగా ఉన్న 24 అడుగుల ఆర్వీ, అంటే వంటా పడకా ఉండే ఇల్లులాంటి బండి, మాకుంది. జనవరి రెండో వారంలో బయలుదేరాం.

దారి వెతుక్కోనవసరం లేదు. మా ఊరి మీదుగా పోయే 35వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి నేరుగా టెక్సాస్ చేరుస్తుంది. శాన్ ఆంటోనియోలో 37వ నంబరు రహదారికి మారితే మేము చేరాలనుకున్న సముద్రతీర నగరం కార్పస్ క్రిస్టీ. మొత్తం సుమారు 1,400 మైళ్లు. బంటి కోసం రెండేసి గంటలకు ఒకసారి ఆగుతూ ఆరు రోజుల్లో వెళ్లాం. మా బండి గాలన్‌కు 9 మైళ్లకు మించి ఇవ్వదు కాబట్టి పెట్రోలు ఖర్చు ముందే లెక్కేసుకోవాలి. గడ్డకట్టే చలి దాటేదాకా నీళ్ల గొట్టాల్లో, అవి గడ్డకట్టి పగలకుండా పోసే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ద్రవాన్ని అలాగే ఉంచి, తాగడానికీ వంటకూ డబ్బాల్లో నీళ్లు పెట్టుకున్నాం. కాన్సస్‌లో ఫ్లింట్ హిల్స్ దగ్గర పక్కగాలి బండిని తోసేస్తుంటే మావారు స్టీరింగ్ రెండు చేతులా బిగించి పట్టుకున్నారు. గాలి ఎక్కువున్న రోజు అక్కడ ఆగిపోవడమే మంచిది.

మొదటి రెండు రాత్రులు వాల్‌మార్ట్ ఆవరణలో నిలిపాం. అన్ని దుకాణాలూ ఒప్పుకోవు, లోపలికి వెళ్లి మేనేజరును అడగాలి. డబ్బు ఖర్చు లేదు కానీ ముసలి కుక్కకు అది చోటు కాదు. రాత్రి రెండు గంటలకు వాణ్ణి దింపితే కాలు పెట్టడానికి గడ్డి లేదు, అంతా జారే తారునేల.

డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో మా వదినగారి ఇల్లుంది. వాళ్ల కాలనీ నిబంధనల ప్రకారం ఆర్వీని రాత్రి ఇంటి ముందు ఉంచకూడదు. అందుకని లూయిస్‌విల్ సరస్సు ఒడ్డున ఆర్మీ ఇంజనీర్ల విభాగం నడిపే హికరీ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. 62 ఏళ్లు నిండిన అమెరికా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ ఇచ్చే సీనియర్ పాస్ చూపిస్తే అద్దె సగమే. చెట్లు, సరస్సు, పచ్చిక. వదినగారు పెసరట్లూ అల్లం పచ్చడీ పట్టుకుని అక్కడికే వచ్చారు. దారిలో దిగిన వాటిలో బంటి నిశ్చింతగా నిద్రపోయిన మొదటి చోటు ఇదే.

తీరానికి చేరాక ఒక ప్రైవేటు ఆర్వీ పార్కులో దిగాం. కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం, వేడినీళ్ల స్నానపు గదులు, అన్నీ ఉన్నాయి. "కుక్కలకు స్వాగతం" అని బోర్డు కూడా ఉంది. తీరా చూస్తే కుక్కలకు వదిలింది రెండు మంచాలంత కంకర నేల. రెండో రోజు మధ్యాహ్నం బయట 27 డిగ్రీల ఎండ. బంటిని ఏసీలో ఉంచి కూరగాయలకు వెళ్లాం. 40 నిమిషాల్లో తిరిగొస్తే కరెంటు పోయి ఉంది. లోపల 34 డిగ్రీలు. వాడు స్నానాల గది గడప మీద గడ్డం ఆనించి, నాలుక బయటకు వేలాడేసి వగరుస్తున్నాడు. తడి తువ్వాలుతో పొట్టా పాదాలూ తుడుస్తుంటే నా చేతులు వణికాయి. మీరే ఎక్కువ వాడి ఉంటారని ఆఫీసులో అన్నారు. ప్లగ్గు పీకి చూస్తే పార్కు కరెంటు స్తంభంలోని సాకెట్ నల్లగా మాడి ఉంది. అద్దె కట్టే ముందు ఆ సాకెట్‌ను మీ కళ్లతో చూడండి. లోపలి వేడిని ఫోనుకు తెలిపే చిన్న పరికరం కొనుక్కోండి. అది లేకుండా మేము మళ్లీ బంటిని ఒంటరిగా వదల్లేదు.

అక్కడి నుంచి రాక్‌పోర్ట్ దగ్గరి గూస్ ఐలాండ్ స్టేట్ పార్కుకు మారాం. వెయ్యేళ్లు దాటిన మహా ఓక్ చెట్టు ఒకటి ఉందక్కడ. 2017లో హార్వీ తుపాను ఆ ఊరి దగ్గరే తీరం దాటినా అది నిలిచింది. ఆ చుట్టుపక్కల పొలాల్లో హూపింగ్ క్రేన్లు రోడ్డు మీద నుంచే కనిపించాయి. మనిషి ఎత్తు తెల్లని కొంగలు, నెత్తిన ఎర్రని మచ్చ. కెనడాలోని వుడ్ బఫెలో నేషనల్ పార్కు నుంచి చలికాలానికి ఇక్కడికి వస్తాయి. 1941 నాటికి పాతిక కూడా మిగల్లేదు, ఇప్పుడు ఈ గుంపు 500 దాటింది. మాది సూళ్లూరుపేట. చలికాలం వస్తే పులికాట్‌కు ఫ్లెమింగోలు, నేలపట్టుకు పెలికాన్లు వచ్చేవి. బండి ఆపి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

అన్నిటిలోకీ నాకు నచ్చింది పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్. సుమారు 70 మైళ్ల ఇసుక తీరం, ఇళ్లూ హోటళ్లూ లేవు. ఆరడుగుల తాడుతో కుక్కను తీరం మీద దాదాపు అంతటా నడిపించవచ్చు. సందర్శకుల కేంద్రం ముందున్న భాగంలో మాత్రం కూడదు. అక్కడి మలకీట్ క్యాంప్‌గ్రౌండ్‌లో మేము వెళ్లినప్పుడు రాత్రికి 14 డాలర్లు ఉండేది, సీనియర్ పాస్‌తో సగం. కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు. అప్పుడు రిజర్వేషన్ లేదు, ముందు వచ్చినవారికే చోటు. మా సోలార్ పలక మీద దీపాలూ ఫోన్లూ నడిచాయి, వంట గ్యాసు మీద.

జాగ్రత్తలు రెండు. నీలిరంగు బుడగల్లాంటి మాన్ ఓ వార్ జీవులు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. చచ్చినవి కూడా కుడతాయి, కుక్క ముక్కు పెట్టకుండా చూడాలి. గడ్డిలో అచ్చం మన పల్లేరు కాయల్లాంటి ముళ్లుంటాయి. మొదటి సాయంత్రం బంటి కాలు ఎత్తి నిలబడిపోతే, వేళ్ల సందుల్లోంచి ట్వీజర్‌తో ఏడు ముళ్లు తీశాను. కదలకుండా ఓర్చుకున్నాడు. ఇక దోమకాటుతో కుక్క గుండెలో చేరే హార్ట్‌వార్మ్ పురుగులు రాకుండా మాత్ర ఇక్కడ ఏడాది పొడవునా నెలనెలా వెయ్యాలి. రేబీస్ టీకా కాగితం బండిలోనే ఉంచండి.

గూస్ ఐలాండ్‌లో జనవరికి చోటు కావాలంటే ఆగస్టులోనే బుక్ చేసుకోవాలి, ఐదు నెలల ముందు తెరుస్తారు. మేము మలకీట్‌లో తొమ్మిది రాత్రులున్నాం. నాలుగో రోజు ఉదయం బంటి బండి మెట్లు తనే దిగాడు. తడి ఇసుక మీద నీటి అంచుదాకా నడిచి, అల వచ్చి పాదాలు తడిపితే అక్కడే కూర్చున్నాడు.