ఆన్‌లైన్‌లో బ్లౌజ్ కటింగ్ కోర్సు: ఏది పనికొచ్చింది, ఏది దండగ

తెలుగులో బ్లౌజ్ కటింగ్ కోర్సు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టి రెండు శ్రావణమాసాలు దాటాయి. ఏ మైకు కొన్నావు, ఏ యాప్ వాడావు, ఎంతయింది అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి వాడినవన్నీ ఎలా ఉన్నాయో రాస్తున్నాను. యూట్యూబ్‌లో కటింగ్ వీడియోలు ఉచితంగా కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. అయినా 999 రూపాయలు కట్టి నా దగ్గర చేరుతున్నారంటే వీడియోల కోసం కాదు, వాళ్లు కుట్టింది చూసి తేడా ఎక్కడుందో చెబుతానని. అందుకే నా చెయ్యి వాళ్లకు, వాళ్ల కుట్టు నాకు స్పష్టంగా కనబడేలా చేసిందా లేదా, దాన్నిబట్టే దేనికైనా మార్కులు వేస్తాను.

ఫోను ఇంట్లో ఉన్నదే. కొన్నవి కాలర్‌కు పెట్టుకునే బోయా బీవై-ఎం1 మైకు, టేబుల్‌కు బిగించి ఫోన్‌ను పైనుంచి కిందికి చూసేలా పెట్టే స్టాండు, ఒక ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు. అన్నీ కలిపి మూడు వేలలోపే అయ్యాయి. మైకు వైరు 6 మీటర్లు. కటింగ్ టేబుల్ చుట్టూ తిరగడానికి హాయిగా సరిపోతుంది గానీ మిగిలినది నడుముకు దోపుకోకపోతే కత్తెర కిందికి వస్తుంది. కొత్త ఫోన్లు చాలావాటికి ఇయర్‌ఫోన్ పిన్ను పెట్టే చోటు ఉండదు, టైప్-సీ కన్వర్టర్ విడిగా తీసుకోవాలి. ఎంత మంచి మైకైనా ఫ్యాను ఆపాల్సిందే. ఎండాకాలంలో నేను తెల్లారకముందే రికార్డింగ్ ముగించేస్తాను.

పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది స్టాండే. ఎదురుగా ఫోను పెట్టి తీస్తే గీత ఏటవాలుగా కనబడుతుంది. 36 చెస్టులో నాలుగో భాగం 9 అంగుళాలు అని నోటితో చెప్పినా, ఆ గుర్తు ఎక్కడ పడిందో చూసేవాళ్లకు అర్థం కాదు. పైనుంచి తీస్తే టేపు మీద అంకెలు కూడా చదువుకోవచ్చు. ముదురు రంగు గుడ్డ మీద సుద్దతో గీస్తున్నప్పుడు చెయ్యి అడ్డొస్తే చాలు, ఫోను వెలుతురు తనంతట తానే మార్చేస్తుంది, గీత వెలిసిపోతుంది. తెర మీద వేలు కాసేపు నొక్కి పట్టి ఫోకస్, వెలుతురు రెండూ లాక్ చేసుకోండి. ఇక పూల డిజైన్లు, మెరిసే పట్టు పాఠాలకు పనికిరావు. సాదా కాటన్ చాలు.

ఎడిటింగ్ అంతా ఫోన్‌లోనే, వీఎన్ యాప్‌లో. ఉచితం, వాటర్‌మార్క్ పడదు. ఫైలు బాగా పెద్దదయ్యే 4కే వీడియో జోలికి పోవద్దు. నేర్చుకునేవాళ్లలో చాలామందికి రోజుకు 1.5 జీబీ ప్యాకే ఉంటుంది, అందులో పిల్లల కార్టూన్ల వాటా కూడా.

ఇప్పుడు దండగ సంగతి. మీ పేరుతోనే సొంత యాప్ చేసిస్తామన్న ఒక సంస్థకు ఏడాది చందా కట్టాను. పేరు చెప్పను. చూడ్డానికి యాప్ బాగుంది, నా ఫొటో కూడా పెద్దగా వేశారు. కానీ ఓటీపీ రాకపోతే ఫోను నాకే, ఫోను మార్చి పాస్‌వర్డ్ మర్చిపోతే ఫోను నాకే. అన్నిటికన్నా ఇబ్బంది, అందులో డౌట్ రాయడానికే గాని కుట్టిన బ్లౌజ్ ఫొటో పంపడానికి చోటు లేదు. దాంతో అందరూ యాప్‌లో పాఠం చూసి, ఫొటో వాట్సాప్‌లో పంపేవాళ్లు. గడువు అయిపోయాక మళ్లీ కట్టలేదు. వీడియోలు టెలిగ్రామ్ ప్రైవేట్ ఛానల్‌కు మార్చాను. ఒక్కో ఫైలు 2 జీబీ వరకు ఉచితంగా పడుతుంది, ఫార్వర్డ్ చేయకుండా, సేవ్ చేసుకోకుండా సెట్టింగ్ ఉంది. అలాగని దొంగతనం పూర్తిగా ఆగదు, ఇంకో ఫోన్‌తో షూట్ చేసేవాళ్లను ఎవరాపుతారు? నాకు మొదట్లో ఉన్నంత టెన్షన్ ఇప్పుడు లేదు. వీడియో ఎత్తుకెళ్లొచ్చు, నా జవాబు ఎత్తుకెళ్లలేరు.

అసలు కోర్సు నడుస్తున్నది వాట్సాప్ బిజినెస్‌లో. డబ్బు కట్టినవాళ్లకు లేబుల్ పెట్టుకోవచ్చు, తరచూ రాసే జవాబుల్ని క్విక్ రిప్లైగా దాచుకోవచ్చు. రాజంపేట నుంచి కువైట్ వెళ్లి పనిచేసుకుంటున్న ఒకామె, “అక్కా, చంక దగ్గర ముడతలు పోవట్లేదు, మూడుసార్లు విప్పి కుట్టా” అని ఫొటో పెట్టింది. బ్లౌజ్ తిరగేసి, చేతుల అతుకు దగ్గర నుంచి ఇంకోటి తీయమన్నాను. చూస్తే కటింగ్ అంతా సరిగ్గానే ఉంది. ముందు భాగం చంక వంపు వెనకదాని కంటే అర అంగుళం లోతుగానే తీసింది. చేతులు అటుదిటు, ఇటుదటు అతికింది. ముందుకు రావాల్సిన, ఎక్కువ వంపున్న వైపు వెనక్కి పోయింది. “చెయ్యి ముందు వైపు సుద్దతో ఇంటూ గుర్తు పెట్టుకుని కుట్టమ్మా” అని ఆడియో పెట్టాను. ఆ ఫొటో వాళ్ల దగ్గర రాత్రి పదింటికి వస్తే మనకు పన్నెండున్నర. ఇది కూడా ధరలో లెక్కేసుకోవాలి. జవాబులకు ఇప్పుడు సాయంత్రం రెండు గంటలు కేటాయించాను.

డబ్బులు మొదట్లో యూపీఐ క్యూఆర్‌తోనే. కోత లేదు కానీ ఎవరు కట్టారో స్క్రీన్‌షాట్లతో సరిచూసుకోవడం విసుగు. తర్వాత పేమెంట్ లింకు పెట్టాను. 2 శాతం రుసుము, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 999కి దాదాపు 23 రూపాయల 58 పైసలు పోతాయి. ఆ విసుగుతో పోలిస్తే చవకే. గల్ఫ్ వాళ్ల డబ్బు ఎక్కువగా ఇక్కడున్న అన్నో చెల్లెలో కడతారు. సేవలకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి 20 లక్షలు, ఆ బాధ నాకింకా రాలేదు.

ఆన్‌లైన్ కోర్సులు అమ్మే సైటు యుడెమీ గురించి కూడా అడుగుతున్నారు. కనీసం 30 నిమిషాల వీడియో, 5 పాఠాలు ఉంటే పెట్టుకోవచ్చు. మన కూపన్‌తో వచ్చినవాళ్ల డబ్బులో 97 శాతం మనకే, యుడెమీ వాళ్లంతట వాళ్లు తెచ్చిన అమ్మకంలో 37 శాతం. ఎక్సెల్ లాంటివి చెప్పేవాళ్లకు బాగుంటుందేమో. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లు కోర్సు కోసం అక్కడ వెతకరు, వాట్సాప్ స్టేటస్‌లో చూసి వస్తారు. అదీ ఆషాఢంలోనే ఎక్కువ, వరలక్ష్మీ వ్రతానికి తమ బ్లౌజ్ తామే కుట్టుకోవాలని. పెళ్లిళ్ల సీజన్‌లో చేరేవాళ్లు తక్కువ, నాకూ కుట్టు పని చేతినిండా ఉంటుంది.

ఈసారి ఆషాఢంలోపు కోర్సుకు మాత్రమే ఒక పాత ఫోను, వేరే సిమ్ము తీసుకోవాలి. ఫొటోలతో నా ఫోను మెమరీ ఎప్పుడూ నిండుగానే ఉంటోంది.