షాంటెక్లేర్ పిల్లలని చెప్పి లెగ్‌హార్న్‌లు అంటగడుతున్నారు, బుక్ చేసుకునేముందు ఇది చదవండి

కెనడాలోని ఎడ్మంటన్ చుట్టుపక్కల ఊరి బయట స్థలం తీసుకుని ఇంటికోసం కొద్దిపాటి కోళ్లు పెంచుకుంటున్న తెలుగువారిలో చాలామందికి ఈ అమ్మకందారు తెలిసే ఉంటాడు. "స్వచ్ఛమైన తెల్ల షాంటెక్లేర్ పిల్లలు, ఎంత చలిలోనైనా గుడ్లు" అన్న అతని ప్రకటన మన గ్రూపులన్నింటిలోనూ తిరిగింది. గత ఏప్రిల్‌లో మేము మామూలు లెగ్‌హార్న్ (ఫారాల్లో గుడ్ల కోసం పెంచే తెల్ల కోడి జాతి) పిల్లల ధరకు మూడు రెట్లకు పైగా చెల్లించి అతని దగ్గర ఒకరోజు వయసు పిల్లలను తెచ్చుకున్నాం. అవి షాంటెక్లేర్‌లు కావు, కావని అతనికి అమ్మిన రోజునే తెలుసు. రాబోయే వసంతానికి అదే ప్రకటన అవే ఫొటోలతో నిన్న మళ్లీ కనబడింది కాబట్టి ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

క్యూబెక్‌లోని ఓకా మఠంలో బ్రదర్ విల్‌ఫ్రిడ్ అనే సన్యాసి, కెనడా చలికి తట్టుకుని శీతకాలంలోనూ గుడ్లు పెట్టే కోడి కావాలన్న పట్టుదలతో ఏళ్ల తరబడి రకరకాల జాతులను కలిపి షాంటెక్లేర్‌ను తయారుచేశాడు. 1921లో అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ దానికి గుర్తింపునిచ్చింది. మంచు కాటు ముందుగా పట్టేది జుట్టునూ, గడ్డం కింద వేలాడే ఎర్ర తోలునూ కాబట్టి, ఆ రెండూ దాదాపు లేనట్టే ఉండడం ఈ జాతికి ప్రాణం. జుట్టు నెత్తికి అంటుకుని చిన్న దిండులా ఉంటుంది. ఈ జాతిలో కలిసిన రక్తాల్లో కార్నిష్ ఒకటి, ఆ కార్నిష్ పుట్టుకలో మన పందెం కోడి జాతి అసీల్ ఉంది. కోస్తాలో పందెం పుంజుల నెత్తి దగ్గరగా చూసినవారికి నేను చెబుతున్నది వెంటనే అర్థమవుతుంది. 1970ల చివర్లో షాంటెక్లేర్ అంతరించిపోయిందని కూడా అనుకున్నారు. కొందరు చిన్న రైతుల దగ్గర మిగిలిన పక్షుల వల్లే అది నిలిచింది, 1999లో క్యూబెక్ దాన్ని తన వారసత్వ జాతిగా చట్టంలోకి ఎక్కించింది. ఇలాంటి జాతి పేరు పెట్టి వేరే కోడిని అమ్మడం కొన్నవారిని మోసగించడంతో ఆగదు, ఆ జాతినే కలుషితం చేస్తుంది.

పిల్లలప్పుడు రెండు జాతులూ పసుపుపచ్చగానే ఉంటాయి. వేసవి నడిమికి వచ్చేసరికి అచ్చం లెగ్‌హార్న్‌లలా మా పెట్టల నెత్తిన రంపపు పళ్లలాంటి జుట్టు నిటారుగా లేచింది, చెవితమ్మెలు తెల్లగా తేలాయి. షాంటెక్లేర్‌కు చెవితమ్మెలు ఎర్రగా ఉండాలి. ఏ జాతిలోనైనా ఒకటీ అరా తేడాగా పుడతాయి, కానీ ఇక్కడ అన్నీ అలాగే ఉన్నాయి. ఫొటోలు పంపితే, పెద్దయ్యాక జుట్టు అణిగిపోతుందని జవాబిచ్చాడు. సెప్టెంబరులో తెల్లటి గుడ్లు వచ్చాయి. షాంటెక్లేర్ గుడ్డు గోధుమ రంగులో ఉంటుంది కదా అని అడిగితే, తొలి గుడ్లు అలాగే ఉంటాయి, తరువాత రంగు పడుతుందని చెప్పాడు.

డిసెంబరులో మైనస్ 30 వచ్చింది. షెడ్డులో ఈదురుగాలి తగలకుండా, తేమ మాత్రం బయటికి పోయేలా పైకప్పు దగ్గర గాలి సందులు వదిలాం. కాళ్ల వేళ్లు ఈకల కింద దాగేలా దండెలు వెడల్పాటి చెక్కతో వేశాం, కింద పొడి పొట్టు మందంగా పరిచాం. షాంటెక్లేర్‌కు అది సరిపోయేది. ఈ పక్షులకు జుట్టు పళ్ల కొనలు ముందు పాలిపోయి, తరువాత నల్లబడ్డాయి. నీళ్లు తాగేటప్పుడు తడిసిన గడ్డం తోలు అక్కడికక్కడే గడ్డకట్టేది. ఒక పెట్ట అయితే చెయ్యి దగ్గరికి తెస్తేనే మెడ వెనక్కి లాక్కుని, రెండు రోజులు దాణా ముట్టలేదు.

ఆ పెట్టను మా అమ్మాయి తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఉండగా అతనికి ఫోన్ చేశాను. నేను డబ్బు అడగలేదు. ఈ పిల్లల తల్లిదండ్రులను ఒక్కసారి చూపించమని మాత్రమే అడిగాను. అతను అన్న మాట ఇది: "తెల్ల కోడి తెల్ల కోడే. మీవాళ్లు చివరికి కూర వండుకునేవాళ్లే కదా, జాతితో మీకేం పని?" వెనక ఎవరో నవ్వడం వినిపించింది. ఫోన్ స్పీకర్‌లో ఉంది, మా అమ్మాయి మొత్తం విన్నది. నేను నోరు తెరిచేలోపు కాల్ కట్ చేశాడు, ఆ సాయంత్రానికి నా నంబరును బ్లాక్ చేశాడు. మా వంటింట్లో ఏం వండుకుంటామన్నది అతనికి సంబంధం లేని విషయం. జాతి పేరు చెప్పి జాతి ధర తీసుకున్న మనిషికి, ఆ జాతి గురించి అడిగే హక్కు మనకు ఉండదని ఏ ధైర్యంతో అనిపించింది? వండుకు తినేవారికి పక్షి బాధ పట్టదని అతను ఎలా అనుకున్నాడు? మా తాతగారు కోళ్లు కోసినవారే, చలి రాత్రుల్లో వాటి గంప మీద గోనె కప్పకుండా పడుకున్నవారు మాత్రం కాదు.

తరువాత వెతికితే ప్రకటనలోని పుంజు ఫొటో క్యూబెక్‌లోని మరో పెంపకందారు పేజీలో దొరికింది. ఆవిడకు రాస్తే, ఆ ఫొటో తనదేననీ ఆల్బర్టాలో తాను ఎవరికీ పక్షులు అమ్మలేదనీ జవాబు ఇచ్చారు.

అతనికి అడ్వాన్సు పంపినవారు ఈ వారమే తిరిగి అడగండి, సందేశాలన్నీ దాచి ఉంచండి. ఎవరి దగ్గర కొన్నా తల్లి, తండ్రి పక్షులను స్వయంగా చూసి, జుట్టూ చెవితమ్మెలూ గుడ్డు రంగూ సరిచూసుకున్నాకే డబ్బు ఇవ్వండి. ఇప్పటికే అతని పిల్లలు మీ షెడ్డులో ఉంటే రాత్రిపూట నీళ్ల గిన్నె బయటికి తీసేయండి, నల్లబడిన కొనలను రుద్దవద్దు, కత్తిరించవద్దు.