దారి చెప్పే ఆటా, వెతకనిచ్చే ఆటా: ఏది మేలు?

మా అమ్మమ్మగారి ఊరు గజపతినగరం దగ్గర. అక్కడ రావిచెట్టు కింద అరుగు మీద పులి-మేక గీతలు చెక్కి ఉండేవి. ఇద్దరు ఆడుతుంటే నలుగురు చుట్టూ మూగేవారు. చూసేవాళ్లలో ఎవరైనా "అటు కాదు, ఇటు నడుపు" అని నోరు జారితే ఆడే ఇద్దరికీ ఒకేసారి కోపం వచ్చేది. ఓడిపోయే మనిషికి కూడా ఆ సాయం అక్కర్లేదు. ఎత్తు తనకే తట్టాలి.

గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అనే వీడియో గేమ్ ఆడుతున్నప్పుడు నాకు ఆ అరుగు పదేపదే గుర్తొచ్చింది.

విజయనగరంలో పీఎస్5 (సోనీ వాళ్ల గేమ్ కన్సోల్) ఉన్న మా స్నేహితుల మధ్య మూడు డిస్కులు చేతులు మారుతూ ఉంటాయి. 2022 ఫిబ్రవరిలో వచ్చిన ఎల్డెన్ రింగ్, అదే ఏడాది నవంబర్‌లో వచ్చిన రాగ్నరాక్, 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఆస్ట్రో బాట్. కొత్త డిస్కు అంటే నాలుగైదు వేల రూపాయల మాట. అందుకే ఎవరైనా కన్సోల్ కొనగానే "ఒక్కటే కొనాలంటే ఏది?" అని అడుగుతారు. గ్రాఫిక్స్ మూడింటిలోనూ బాగుంటాయి, ఆ లెక్క పక్కన పెట్టేస్తాను. నేను చూసేది ఒకటే: దారి తెలియక నిలబడిపోయినప్పుడు ఆట నాతో ఎలా ఉంటుంది?

ముందు రాగ్నరాక్. ఇందులో స్వర్తాల్ఫ్‌హైమ్ అనే మరుగుజ్జుల లోకం ఉంది. అక్కడ నీటి బలంతో తిరిగే పెద్ద పెద్ద చక్రాలుంటాయి. మనం ఆడించే కథానాయకుడు క్రేటోస్ చేతిలోది మంచు గొడ్డలి. నీళ్లు చిమ్మేచోట దాన్ని విసిరితే అక్కడ గడ్డకట్టి ధార ఆగిపోతుంది, వెనక్కి పిలిస్తే మళ్లీ పారుతుంది. ఎక్కడ ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్నదే చిక్కు. చాలా మంచి ఆలోచన. డిగ్రీ చదివే మా మేనల్లుడు కంట్రోలర్ పట్టుకుని ఆ చోటికి చేరాడు. కెమెరా ఒక చుట్టు తిప్పాడో లేదో, పక్కనున్న క్రేటోస్ కొడుకు ఆట్రియస్ ఏం చేయాలో సూచన ఇచ్చేశాడు. "మావయ్యా, నేనింకా సరిగ్గా సూడనేదు. అప్పుడే సెప్పేసినాడేటి?" అన్నాడు వాడు. నేను ఆడినప్పుడూ అంతే. ఆట్రియస్ ఊరుకుంటే క్రేటోస్ నడుముకు వేలాడే, మాట్లాడే తెగిన తల మిమిర్ అందుకుంటుంది.

ఎందుకలా చేశారో నాకు అర్థమవుతుంది. ఇంత ఖర్చు పెట్టి తీసిన ఆటలో ఎవరూ ఒక చోట చిక్కుకుని విసిగిపోయి డిస్కు తీసేయకూడదని వాళ్ల భయం. సూచన ఇవ్వడం తప్పు కాదు, ఇచ్చే సమయమే తప్పు. రెండు మూడుసార్లు గొడ్డలి తప్పు చోట విసిరాక చెబితే "హమ్మయ్య" అనుకుంటాను. చుట్టూ చూసుకుంటున్నప్పుడే చెబితే నా మీద నమ్మకం లేదన్నట్టే.

పోరాటం మాత్రం వంక పెట్టలేనిది. విసిరిన గొడ్డలి తిరిగొచ్చి అరచేతిలో పడినప్పుడు ఆ దెబ్బ కంట్రోలర్‌లో తెలుస్తుంది. కష్టం ఎంత ఉండాలో ఎంచుకోవడానికి ఐదు స్థాయిలిచ్చారు, కాబట్టి కొత్తవాళ్లకు బెంగ లేదు. క్రేటోస్‌కు గొంతిచ్చిన క్రిస్టఫర్ జడ్జ్‌కు 2022లో, వీడియో గేమ్‌లకు ఏటా ఇచ్చే గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ నటన అవార్డు వచ్చింది, న్యాయంగానే వచ్చింది. కొడుకు ఎదిగిపోతుంటే ఏం మాట్లాడాలో తెలియని తండ్రి మౌనం మన ఇళ్లలోనూ ఉన్నదే. కథ కోసం ఆడేవాళ్లకు ఇంతకంటే మంచి ఆట చెప్పలేను.

ఎల్డెన్ రింగ్ దీనికి పూర్తిగా ఎదురు. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ల ఆట, దర్శకుడు హిదెతాకా మియజాకి. మొదలైన కాసేపటికే లిమ్‌గ్రేవ్ మైదానంలోకి వస్తాం. ఎదురుగా బంగారు కవచం వేసుకున్న గుర్రపు రౌతు తిరుగుతుంటాడు. వెళ్లి తలపడితే రెండు దెబ్బల్లో చచ్చిపోతాం. "వీడితో ఇప్పుడు కాదు, చుట్టూ తిరిగి పో" అని ఎవరూ నోటితో చెప్పరు. ఆ చావే చెబుతుంది. మొత్తం ఆట నేర్పే మొదటి పాఠం అదే: కుదరకపోతే వేరే దారి వెతుకు, బలపడి తిరిగి రా.

దారి చూపడం అసలు లేదని కాదు. గ్రేస్ అనే వెలుగు దగ్గర ఆగితే సన్నటి బంగారు కాంతి ఒక దిక్కుకు సాగుతుంది, ఎటు వెళ్లాలో అంతవరకే చెబుతుంది. మ్యాపు ముక్కలు దొరికే రాతి స్తంభాల గుర్తులు ఖాళీ మ్యాపు మీద ముందే కనిపిస్తాయి. కళ్లు తెరిచి చూసేవాడికి సాయం ఉంది, గోల లేదు.

లిమ్‌గ్రేవ్‌లో చెరువు పక్కన కాలిపోయిన పాత శిథిలాలున్నాయి. కింద గదిలో ఒక పెట్టె. ఆశగా తెరిచాను. పొగ కమ్మేసి, కళ్లు తెరిచేసరికి కేలిడ్ అనే కుళ్లిపోయిన ఎర్రటి నేల కింద, ఒక గనిలో ఉన్నాను. చుట్టూ నన్ను ఒక్క దెబ్బకు చంపేసే పురుగు మొహాల జీవాలు. అరగంట నక్కి నక్కి బయటపడ్డాను. ఆ టెన్షన్‌లో చెయ్యి చెమటలు పట్టి కంట్రోలర్ జారింది. ఇంకో రోజు అడవిలో ఒక బావి గూడులో లిఫ్ట్ ఎక్కాను. అది దిగుతూనే ఉంది, దిగుతూనే ఉంది. కింద చూస్తే నేల లోపల నక్షత్రాలు నిండిన ఆకాశం. అక్కడికి వెళ్లమని ఎవరూ చెప్పలేదు. అందుకే ఆ ఆకాశం నాదనిపించింది.

లోపాలు లేవా? ఉన్నాయి, చిన్నవి కావు. దారిలో కలిసే మనుషుల కథలు ఎక్కడ మొదలై ఎటు పోతాయో రాసిపెట్టే పుస్తకం లేదు. వారం రోజులు డ్యూటీ తర్వాత మళ్లీ కూర్చుంటే ఎవరు ఏం అడిగారో గుర్తుండదు. అప్పుడు ఫోన్ తీసి యూట్యూబ్ చూస్తాం. ఆట మౌనంగా ఉండి నన్ను ఫోన్ దగ్గరికి తోలిందంటే, అరుగు మీద అందించేవాణ్ని నేనే పిలిచి తెచ్చుకున్నట్టు. భూగర్భ సమాధులు కూడా కొన్నాళ్లకు ఒకేలా అనిపిస్తాయి, చూసిన రాక్షసులే మళ్లీ వస్తారు. పైగా మామూలు పాజ్ లేదు. గ్యాస్ బండ వచ్చిందని అమ్మ పిలిస్తే మెనూ వివరణ తెర తెరిచి ఆపుకోవాలి, ఆ కిటుకు కూడా ఎవరో చెబితే గానీ తెలియదు. కరెంటు సంగతిలో మాత్రం నయం, ఎప్పటికప్పుడు సేవ్ అయిపోతుంది. తుపాను రోజుల్లో అది పెద్ద ఊరట.

మరో సంగతి భాష. మూడు ఆటల్లోనూ తెలుగు లేదు. రాగ్నరాక్‌లో మాటలు వేగంగా సాగుతాయి. ఎల్డెన్ రింగ్‌లో కథంతా వస్తువుల వివరణల్లో, పాతకాలం ఇంగ్లిష్‌లో దాగి ఉంటుంది. తెలుగు మీడియంలో చదువుకున్న నేను ఒక్కో వాక్యం రెండుసార్లు చదివాను.

ఆస్ట్రో బాట్‌కు ఆ బాధ దాదాపు లేదు. ఆట నడవడానికి మాటలే అక్కర్లేదు. టోక్యోలోని టీమ్ అసోబి చేసిన ఈ ఆట 2024లో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆటగా గెలిచింది, 2022లో ఎల్డెన్ రింగ్ గెలిచినట్టే. మూడో తరగతి చదివే మా అన్నయ్య కూతురు దీన్ని నాకంటే ముందు అర్థం చేసుకుంది. ఒక లోకంలో ఎలుక శక్తితో ఆస్ట్రో అనే రోబో బొమ్మ బుల్లిగా అయిపోతాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. చిన్న కన్నం కనబడగానే బొమ్మను చిన్నది చేసి లోపలికి దూర్చేసింది. కొత్త శక్తిని ముందు ప్రమాదం లేని చోట ఇచ్చి, ఆ తర్వాతే ప్రమాదం చూపిస్తారు. చచ్చినా కొద్ది అడుగుల వెనక నుంచే మళ్లీ మొదలు.

నాకు అన్నిటికంటే నచ్చింది అందులోని పిట్ట. పూర్తయిన లోకానికి మళ్లీ వెళ్తే 200 నాణేలిచ్చి ఒక మర పిట్టను వెంట తీసుకెళ్లొచ్చు. దాగున్న రోబో బొమ్మలు ఎటున్నాయో అది చూపిస్తుంది. సాయం కావాలా వద్దా అన్నది నా ఇష్టం. అడిగితేనే వస్తుంది, అడగకపోతే నోరెత్తదు. మా పిల్లకు ఆ పిట్టను చూపిస్తే "వద్దు బాబాయ్, నేనే ఎతుకుతాను" అంది.

ఇంట్లో పిల్లలుంటే, లేదా కన్సోల్ కొత్తయితే ఆస్ట్రో బాటే కొనండి. కథ కోసం రాగ్నరాక్ తప్పక ఆడాలి, కానీ ఒకసారి అయిపోయాక నాకు మళ్లీ పెట్టాలనిపించలేదు, కాబట్టి ఎవరి దగ్గరైనా తీసుకుని ఆడితే చాలు. నా ఒక్కడి కోసం ఒక్కటే అంటే ఎల్డెన్ రింగ్. దానికి ఆస్ట్రో పిట్టలాంటిది ఒకటి ఉంటే ఇంకేం అడగను.

సిరిమాను జాతరకు శ్రీకాకుళం నుంచి మా తమ్ముడు వస్తాడు, రాగ్నరాక్ డిస్కు వాడికి ఇచ్చి పంపుతాను. ఎల్డెన్ రింగ్ మాత్రం ఇంకొన్నాళ్లు ఇవ్వను. కేలిడ్‌లో సగం నేల నేనింకా చూడనేలేదు.