ఆటో స్వీప్ అకౌంట్: ఏడాదిన్నర వాడాక

నా జీతం పడే సేవింగ్స్ అకౌంట్‌కి ఆటో స్వీప్ పెట్టించుకుని ఏడాదిన్నర అయింది. మనం ఒక హద్దు చెబుతాం. బ్యాలెన్స్ అంతకు మించితే, మిగిలింది దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లిపోతుంది. అకౌంట్‌లో డబ్బు చాలకపోతే తక్కువైనంత మేరకు ఆ డిపాజిట్ బ్రేక్ అయి వెనక్కి వస్తుంది, అర్ధరాత్రి ఏటీఎంలో కార్డు పెట్టినా సరే.

మొదటి మూడు నెలలు మాత్రం చిరాకే. వడ్డీ మీద ఆశతో హద్దు మరీ తక్కువ పెట్టాను. 1న జీతం పడేది, 3న స్వీప్ అయ్యేది, 5న ఇంటి లోన్ ఈఎంఐకి అదే డబ్బు మళ్లీ వెనక్కి వచ్చేది. రెండు రోజుల డిపాజిట్! మా బ్యాంకులో ఏడు రోజులు నిండకపోతే డిపాజిట్ మీద వడ్డీ సున్నా. కదపకుండా సేవింగ్స్‌లో ఉంచినా ఆ రెండు రోజుల వడ్డీ వచ్చేది. తెలివి ఎక్కువై ఉన్నది పోగొట్టుకోవడమంటే ఇదే. నెల ఖర్చులు, ఈఎంఐ, పైన కొంత కలిపి హద్దు పెంచాక గానీ దారిలో పడలేదు.

కౌంటర్‌లో అడిగితే "పెనాల్టీ ఏమీ ఉండదు మేడమ్" అన్నారు. ఫారం వెనక చిన్న అక్షరాల్లో ఉంది: గడువుకు ముందు బ్రేక్ అయితే వడ్డీ రేటులో ఒక శాతం కోత. పైగా ఏడాదికి ఒప్పుకున్న రేటు రాదు, డబ్బు ఎన్నాళ్లు ఉందో అన్నాళ్లకు వర్తించే రేటే లెక్క. ఇది వాళ్లే ముందు చెప్పాల్సిన మాట.

మీరు పెట్టించుకునేటప్పుడు ఒక్కటి తప్పకుండా అడగండి: ఏ డిపాజిట్ ముందు బ్రేక్ అవుతుంది? మా దాంట్లో చివరగా వేసిందే ముందు పోతుంది. వాషింగ్ మెషిన్ చెడిపోయి కొత్తది కొన్నప్పుడు నాకు నాలుగు డిపాజిట్లున్నాయి. నెల క్రితందే కరిగింది, పదకొండు నెలలది చెక్కుచెదరలేదు. ఇంకో నెలకి పూర్తి వడ్డీతో చేతికొచ్చింది. పాతది ముందు పోయే పద్ధతైతే ఆ పదకొండు నెలల వడ్డీకే గండి పడేది.

లాభమెంత అంటే, సేవింగ్స్‌కి నూటికి 3, డిపాజిట్‌కి 6 ఉందనుకోండి. ఏడాదంతా కదలని లక్ష మీద 3,000 బదులు 6,000. నెలాఖరుకి ఏమీ మిగలని వాళ్లకి దీంతో పనిలేదు.

ఇది బాగుందని అమ్మ అకౌంట్‌కీ పెట్టించాను. వారం తిరక్కుండానే ఫోన్. "ఏమే, పాస్‌బుక్ ప్రింట్ వేయించాను. నా డబ్బంతా ఎవరో లాగేశారే!" గొంతు వణుకుతోంది. డిపాజిట్‌లో భద్రంగా ఉందని ఎంత చెప్పినా "మరి ఇందులో లేదుగా?" అదే మాట. ఆ డిపాజిట్ల వివరాలు పాస్‌బుక్‌లో రావు, యాప్‌లోనే చూడాలి. అమ్మ యాప్ వాడదు. తర్వాతి వారమే తీసేయించాం.

నా వరకు ఐదుకి మూడున్నర. ఆ చిన్న అక్షరాలకి ఒకటి, పాస్‌బుక్‌కి అర తగ్గించాను. అమ్మనడిగితే సున్నా అంటుంది.