గుంతలు మిట్టల రేగడికి ఏ మోవర్ డెక్ మేలు?

చిన్న ట్రాక్టర్ ఉండి, గుంతలూ మిట్టలూ ఉన్న బీడులో గడ్డి కొయ్యాల్సినవాళ్లకు నా మాట ముందే చెప్తాను: వెనకవైపు ఈ చివర నుంచి ఆ చివర దాకా రోలర్ ఉన్న నాలుగడుగుల ఫ్లెయిల్ మోవర్, అంటే ఊగే చిన్న కత్తులతో గడ్డి కోసే పరికరం, తీసుకోండి. ఇంటి ముందు చదునైన లాన్ ఒక్కటే కోసేవాళ్లకు ఇది అక్కర్లేదు. కానీ ఈమధ్య డాలస్ చుట్టుపక్కల ఐదెకరాలూ పదెకరాలూ కొన్న మనవాళ్లు చాలామంది ట్రాక్టర్‌తో పాటు వెడల్పాటి డెక్ (గడ్డి కోసే బ్లేడ్లుండే రేకు పెట్టె) కూడా తెచ్చుకుని, మొదటి వేసవిలోనే నేలంతా బోడిమచ్చలు చేసుకుంటున్నారు. అది చూసి బాధేసి రాస్తున్నాను.

మా నేల డాలస్‌కు దక్షిణాన ఎల్లిస్ కౌంటీలో, ఎన్నిస్ అవతల ఉంది. నేను పుట్టింది కోయిలకుంట్ల పక్క పల్లెలో. మా నాయన ఇక్కడికి వచ్చినప్పుడు ఒక మట్టిపెడ్డ తీసుకుని చేతిలో నలిపి, "ఇది మన నల్లరేగడే కదమ్మా" అన్నాడు. ఆయన అన్నది అక్షరాలా నిజం. ఇక్కడి మట్టికి హ్యూస్టన్ బ్లాక్ అని పేరు. అదీ మన రేగడీ రెండూ వర్టిసాల్ అనే ఒకే తరగతివి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆగస్టులో ఆ నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగుతుంది. పైమట్టి రాలి నెర్రెల్లో పడుతుంది. మళ్లీ వానకు అడుగుమట్టి ఉబ్బినప్పుడు అక్కడ చోటు చాలక పక్కమట్టిని పైకి నెడుతుంది. ఇలా వందల ఏళ్లు జరిగి జరిగి నేలంతా మిట్టలూ గుంతలూ ఏర్పడతాయి. ఈ తీరు నేలను గిల్‌గై అంటారు. మన దగ్గర తరతరాలుగా దున్ని, గుంటక తోలి చదును చేశాం కాబట్టి అంతగా కంటికి ఆనదు. ఇక్కడ మాది ఎప్పుడూ నాగలి పడని పశువుల బీడు. మిట్టకూ గుంతకూ జానెడు తేడా ఉన్న చోట్లు బోలెడు. దానికి తోడు వాన వెలిసిన మర్నాడే లేచే ఫైర్ యాంట్స్ అనే కుట్టే చీమల పుట్టలు, ఎలుకల్లాంటి గోఫర్లు తవ్విన మట్టికుప్పలు, అడవిపందులు పెళ్లగించిన చాళ్లు.

ఇలాంటి నేల మీద ముందు చూడాల్సింది హార్స్ పవర్ కాదు, డెక్ వెడల్పు. షోరూముల్లో మాత్రం "వెడల్పు ఎక్కువైతే పని తొందరగా అవుతుంది" అనే చెప్తారు. చదును నేల మీద నిజమే. గుండ్రటి మిట్ట మీద లెక్క వేరు. నాలుగడుగుల డెక్ అంచులు ఆనిన చోటు కంటే మిట్ట నడినెత్తి 2 అంగుళాలు ఎత్తుందనుకోండి. అదే మిట్ట మీద ఆరడుగుల డెక్ పెడితే ఆ తేడా 4.5 అంగుళాలవుతుంది. వెడల్పు ఒకటిన్నర రెట్లు పెరిగితే గొరిగే లోతు రెండు రెట్లు దాటిపోతుంది. 3 అంగుళాల ఎత్తున గడ్డి ఉంచాలని సెట్ చేసుకున్నవాడికి మొదటి డెక్‌తో అంగుళం గడ్డి మిగులుతుంది, రెండో దానితో బ్లేడు మట్టిలోకి దిగుతుంది. అలా గొరిగిన మిట్ట మీద ఎండ నేరుగా పడి, గరిక వేళ్లు మాడి, మొదటి నెర్రె అక్కడే విచ్చుతుంది. తర్వాత అక్కడ లేచేవి ముళ్ల కలుపులే.

ట్రాక్టర్ పొట్ట కింద వేలాడే డెక్‌లు, అంటే బెల్లీ మోవర్లు, చూడముచ్చటగా ఉంటాయి. ఎక్కి తోలితే చాలు, డెక్ తనే తగులుకునే మోడళ్లూ వచ్చాయి. చదును లాన్‌కి వాటిని మించింది లేదు. కానీ ఆ డెక్ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య వేలాడుతుంది. నాలుగు చక్రాలూ గుంతల్లో ఉండి మిట్ట నడుమకొస్తే డెక్ నేరుగా దాని మీద కూర్చుంటుంది. నేల గొరగకుండా అంచుల్లో పెట్టే చిన్న యాంటీ స్కాల్ప్ చక్రాలు కాపాడతాయనుకుంటారు. అవి చదును నేల మీద వేలెడు ఎత్తులో గాలిలో ఉండాల్సినవి, ఎప్పుడైనా తగిలితే డెక్‌ను కాస్త పైకి నెట్టడానికే. రెండు చక్రాల మధ్య ఉబ్బిన నేలను అవేం చెయ్యలేవు.

ట్రాక్టర్ వెనక పరికరాలు తగిలించే చేతులకు, అంటే లింకేజీకి, తగిలించే ఫినిష్ మోవర్ (లాన్‌ను నున్నగా కోసే రకం) కొంత నయం. నాలుగు మూలలా చక్రాల మీద తన బరువు తనే మోస్తుంది, ట్రాక్టర్ ఊగినా ఇది అంతగా ఊగదు. అయితే ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య చాలా ఎడం ఉంటుంది, ఆ నడుమన వచ్చిన మిట్టకు మోక్షం లేదు. గాలి టైర్లున్నది మాత్రం కొనకండి. ఇక్కడి మెస్కీట్ చెట్టు మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం, ముళ్లు కూడా అదే వాటం.

రోటరీ కట్టర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది చివరికి దాని దగ్గరే ఆగుతారు. బుష్ హాగ్ అన్నది అసలు ఒక కంపెనీ పేరు, కానీ ఇక్కడి రైతులు ఏ కంపెనీ కట్టర్‌నైనా అలాగే పిలుస్తారు. మందపాటి బ్లేడ్లు రెండు, బోల్టు మీద వదులుగా తిరుగుతాయి. రాయో మోడో తగిలితే వెనక్కి మడుచుకుంటాయి. నిలువెత్తు జాన్సన్ గ్రాస్‌ను ఇది కోసినంత వేగంగా ఇంకేదీ కొయ్యదు. అది మన జొన్న జాతిదే. మంచు పడి వాడిన తర్వాతో, కరువులోనో దాని చిగురు మేస్తే పశువులకు మన జొన్న నాము మాదిరే ప్రాణం మీదికొస్తుంది. అందుకే ఆవులున్నవాళ్లు దాన్ని పెరగనివ్వకూడదు.

రోటరీ కట్టర్ ఎగుడుదిగుడులో సరిగ్గా నడవాలంటే టాప్ లింక్ (లింకేజీలో పైన ఉండే మూడో కడ్డీ) తగిలే చోట ఊగే బ్రాకెట్ ఉండాలి, లేదా టాప్ లింక్ బదులు గొలుసు వెయ్యాలి. టాప్ లింక్ బిగుసుకుని ఉంటే ట్రాక్టర్ ముందు భాగం మిట్ట ఎక్కిన ప్రతిసారీ కట్టర్ వెనక చక్రం మీద బరువంతా పడి నేలలోకి నొక్కుకుంటుంది, దిగినప్పుడు అదే చక్రం గాలిలోకి లేస్తుంది. డెక్ ముందు అంచు వెనక కంటే అంగుళం కిందికి ఉండాలి. షియర్ బోల్ట్ రకమైతే తెగిపోయే మెత్తటి బోల్టే వెయ్యండి. గట్టిది వేస్తే తెగాల్సిన బోల్టు తెగదు, గేర్‌బాక్స్ పోతుంది. గట్టిగా తగిలితే ప్లేట్లు జారే స్లిప్ క్లచ్ రకమైతే ఏడాదికోసారి స్ప్రింగులు వదులు చేసి, ప్లేట్ల మీద సుద్దతో గీత గీసి, పీటీఓ (ఇంజిన్ బలాన్ని పరికరానికి అందించే వెనక షాఫ్ట్) క్షణకాలం ఆడించి, గీతలు పక్కకు జరిగాయో లేదో చూడాలి. జరగలేదంటే ప్లేట్లు తుప్పుతో అతుక్కున్నాయి, అలాంటి క్లచ్ ఉన్నా లేనట్టే. ఇంత చేసినా కోసిన నేల దువ్వినట్టు ఉండదు. గడ్డి కుప్పలు కుప్పలుగా పడి కింద గరికను చంపుతుంది. రాళ్లను చాలా దూరం విసురుతుంది. రోడ్డు పక్క, పిల్లలు తిరిగే చోట నేను దాన్ని వాడనివ్వను.

ఇక నేను మెచ్చిన ఫ్లెయిల్. అడ్డంగా తిరిగే ఇరుసు, దాని నిండా పదుల కొద్దీ చిన్న కత్తులు, ప్రతి కత్తీ విడిగా ఊగుతుంది. కత్తుల వెనకే అప్పడాల కర్రలాగా పొడవాటి రోలర్. గుట్టంతా ఇక్కడే ఉంది: కోసే చోటికీ నేలను ఆనుకునే చోటికీ మధ్య దూరం చాలా తక్కువ. మిగతా డెక్‌లు అడుగుల దూరంలో ఉన్న చక్రాలను బట్టి ఎత్తు తెలుసుకుంటాయి. ఇది తన కాళ్ల కిందే తెలుసుకుంటుంది. మిట్ట ఎక్కుతుంటే ఎక్కుతుంది, దిగుతుంటే దిగుతుంది. మా బీడులో అన్నిటికంటే పెద్ద మిట్టల వరస ఉన్న పడమటి మూలలో కూడా గరిక మూడంగుళాల ఎత్తున నిలిచింది, నల్లమట్టి ఎక్కడా బయటపడలేదు. గడ్డి నుజ్జుగా కోసి సమంగా పరుస్తుంది. హుడ్, అంటే పైన కప్పిన రేకు, కిందనే తిప్పేస్తుంది కాబట్టి రాళ్లు విసరడమూ తక్కువే.

బిగించేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. టాప్ లింక్ పిన్ను పొడవాటి గాడిలో జరిగేలా ఉండాలి, లింకేజీ చేతులను పూర్తిగా దించి వదిలెయ్యాలి. బరువు రోలర్ మీద పడాలి, హైడ్రాలిక్స్ మీద కాదు. చేతులు సగంలో ఆపి తోలితే రోలర్ ఉన్నా ప్రయోజనం లేదు.

లోపాలూ చెప్తాను. నెమ్మది. నడుమెత్తు దాటిన గడ్డిని ఒకసారి ఎత్తులో, మళ్లీ కింద, రెండు సార్లు కొయ్యాల్సి వస్తుంది. రోటరీ కట్టర్ కంటే బరువూ ధరా ఎక్కువ. తడి రేగడి రోలర్‌కి అంటుకుని మందం పెరిగితే కోత ఎత్తు మారిపోతుంది. రోలర్ మట్టి గీకే పట్టీ ఉన్న మోడల్ చూసుకోండి, అది ఉన్నా నేల ఆరేదాకా దిగకండి. పశువుల మేత కట్టలకు చుట్టే ప్లాస్టిక్ పురికొస ఇరుసుకు చుట్టుకుంటే బేరింగ్ సీల్ కోసేస్తుంది. కాబట్టి ముందు ఒకసారి నడిచి ఏరుకోవాలి. కత్తులు వై ఆకారంలోనివీ సుత్తి ఆకారంలోనివీ ఉంటాయి. 25 హార్స్ పవర్ ట్రాక్టర్‌కి పీటీఓ దగ్గర మిగిలేది 18 ప్రాంతమే, అడుగు వెడల్పుకు నాలుగైదు హార్స్ పవర్ కావాలి. కాబట్టి నాలుగడుగులకు మించొద్దు, తేలికైన వై కత్తులే మేలు. ఆ చిన్న ట్రాక్టర్ల వెడల్పూ ఇంచుమించు నాలుగడుగులే కనక టైరు జాడలు కూడా కోతలోకే వస్తాయి. వెనక బరువు పెరుగుతుంది కాబట్టి ముందు లోడర్ గానీ బరువులు గానీ ఉండాలి. చెరువు కట్ట లాంటి వాలు మీద అడ్డంగా తోలొద్దు. ట్రాక్టర్ బోల్తా పడితే కాపాడే రోల్ బార్ నిలబెట్టి, సీటు బెల్టు పెట్టుకుని, పైకీ కిందికీ తోలండి.

మా అన్న బనగానపల్లె దగ్గర మామిడి తోటలో స్లాషర్ వాడతాడు. అది రోటరీ కట్టర్ రకమే. చెట్ల పాదుల మధ్య, రాళ్ల నేలలో కలుపు నరకడానికి అదే చాలు, అక్కడ లాన్ అందం ఎవరూ అడగరు. టాప్ లింక్ బదులు గొలుసు వెయ్యమని అతనికీ చెప్పాను.

ఒక్క ఫ్లెయిల్‌తోనే అన్నీ చేద్దామనుకునేవాళ్లు ఏప్రిల్ సంగతి చూసుకోండి. ఎన్నిస్ చుట్టూ బ్లూబానెట్ అనే నీలి అడవిపూలు పూసే కాలం అది. పూలు పోయి, కాయలు గోధుమ రంగుకు తిరిగి విత్తనం రాలేదాకా ఆ పూలున్న మేర డెక్ దించొద్దు, లేకపోతే మరుసటేడు పూలుండవు.

వాడిన ఫ్లెయిల్ కొనేట్టయితే ముందు హుడ్ ఎత్తి కత్తులు చూడండి. ఒకటి కొత్తదీ పక్కది అరిగినదీ ఉంటే ఇరుసు తూకం తప్పుతుంది, కత్తులను ఎప్పుడూ ఎదురెదురుగా జతలో మార్చాలి. ఇరుసును చేత్తో తిప్పి బేరింగుల్లో గరగర ఉందేమో వినండి. రోలర్ రెండు చివరలా గ్రీజు నిపుల్స్ ఉన్నాయో లేదో చూడండి. బెల్టు కవర్ తీసి పగుళ్లు వెతకండి. ఆ పైన పీటీఓ మీద నడిపించి చూపమనండి, 540 ఆర్‌పీఎం దగ్గర హుడ్ మీద చెయ్యి పెడితే సన్నటి అదురే తెలియాలి. ఎగిరెగిరి పడుతుంటే ధర ఎంత తగ్గించినా వద్దనండి.